జస్‌దేవ్ సింగ్ గొంతు రేడియోకేనా, టీవీకి కూడా కుదిరిందా?

రచ్చబండ: రేడియోలో జస్‌దేవ్ సింగ్ గారి హిందీ కామెంటరీకి వంక పెట్టేవాళ్లు లేరు. నా పేచీ దూరదర్శన్ దగ్గరే. బంతి ఎటు పోతోందో కళ్లముందే కనబడుతుంటే, అదే సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పడమెందుకు? రిపబ్లిక్ డే పరేడ్‌లోనూ అంతే, బ్యాండు విననిస్తేగా! 2008లో పద్మభూషణ్ వచ్చినంత మాత్రాన లోపం లోపం కాకుండా పోదు.

పాత ట్రాన్సిస్టర్: అయ్యా, 1975 మార్చి 15న మా ఇంట్లో ఉండి ఉంటే మీరు ఈ మాట అనరు. కౌలాలంపూర్‌లో హాకీ ప్రపంచకప్ ఫైనల్, పాకిస్తాన్‌తో. బ్యాటరీలు నీరసించాయని పొద్దున్నే ఎండలో పెట్టి, మళ్లీ వేశాం. మా నాన్నకు హిందీ ముక్క రాదు. అయినా ఆ గొంతు లేస్తే మంచం మీంచి లేచేవారు, అది తగ్గితే కూలబడేవారు. అశోక్ కుమార్ కొట్టిన బంతి పోస్టుకు తగిలి బయటికొచ్చింది. గోల్ కాదని పాకిస్తాన్ వాళ్ల గొడవ, ఇచ్చేశాడు అంపైర్. 2-1తో గెలిచాం. ఇదంతా మాకు మర్నాడు పేపర్లో తెలిసింది. గెలిచామన్నది మాత్రం ఆ గొంతే చెప్పేసింది.

రచ్చబండ: నేనూ అదేగా అంటున్నది! మీకు బొమ్మ లేదు, అందుకని ఆ మాటలు కావాలి. నాకు బొమ్మ ఉంది.

మైకు పురుగు: మా ఊరి కబడ్డీ పోటీలకు మైకు పట్టుకున్న అనుభవంతో చెబుతున్నా, ఊరుకోవడమే కష్టం. రేడియోలో రెండు క్షణాలు ఆగితే స్టేషన్ పోయిందనుకుంటారు. ఈయన 1955లో జైపూర్ ఆకాశవాణిలో చేరారు. గాంధీజీ అంతిమయాత్రకు మెల్విల్ డిమెల్లో ఇంగ్లీషులో చెప్పిన కామెంటరీ విని, హిందీలో అలా చెప్పాలని పట్టుబట్టిన మనిషి. కెమెరా వచ్చింది కదా అని నోరు కట్టేసుకుంటారా? టీవీకి ఎంత మాట్లాడాలో చూసుకోవాల్సింది కార్యక్రమం నడిపేవాళ్లు. తప్పు వాళ్లదే అంటాను.

పాత ట్రాన్సిస్టర్: ఇంకోటి. టీవీ వచ్చాక కూడా మా మామయ్య దాని సౌండు పూర్తిగా తగ్గించి, పక్కన రేడియో పెట్టుకునేవారు. ఆయనకూ బొమ్మ ఉందిగా మరి?

రచ్చబండ: మా ఇంట్లోనూ అదే తంతు లెండి. యాంటెన్నా తిప్పడం నా డ్యూటీ. ఎంత తిప్పినా తెర నిండా చుక్కలే, బంతి ఏదో చుక్క ఏదో తెలిస్తే ఒట్టు!