ఎక్స్‌టర్నల్‌లో ప్రశ్నవారీ మార్కులు లేకుండా సీఓ అటైన్‌మెంట్ ఎలా?

యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీలో మెకానికల్ రెండో ఏడాదికి థర్మోడైనమిక్స్ చెబుతున్నాను. ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్) ఫైలు కోసం ఐదు సీఓలకు (కోర్స్ అవుట్‌కమ్‌లు, అంటే కోర్సు అయ్యేసరికి విద్యార్థులకు రావాల్సినవి) అటైన్‌మెంట్, అంటే వాటిని ఎంతవరకు సాధించారో లెక్కిస్తున్నాను. వెయిటేజీ ఇంటర్నల్‌కు 30 శాతం, ఎక్స్‌టర్నల్‌కు 70 శాతం, టార్గెట్ 1.5.

ఇంటర్నల్స్‌లో ఎంట్రోపీకి సంబంధించిన మూడో సీఓ లెవెల్ 1 (అతి తక్కువ), మిగతా నాలుగూ లెవెల్ 3 (అత్యధికం). ఎక్స్‌టర్నల్‌కు, అంటే యూనివర్సిటీ పరీక్షకు, మొత్తం మార్కులే వస్తాయి కాబట్టి అన్నిటికీ లెవెల్ 2 వేశాను. దాంతో మూడో సీఓ 1.7కి చేరి టార్గెట్ దాటేసింది. కానీ పిల్లలకు ఎంట్రోపీ నిజంగా అర్థం కాలేదు, నా బాధంతా అదే.

యూనివర్సిటీని ప్రశ్నవారీ మార్కులు అడిగాను, ఇవ్వలేదు. ప్రశ్నపత్రంలో సీఓల వాటా ప్రకారం మార్కులు పంచినా అన్నిటికీ ఒకే లెవెల్ వచ్చింది.

అనుబంధ కాలేజీల్లో పనిచేసేవాళ్లు ఎక్స్‌టర్నల్ మార్కులను సీఓవారీగా ఏ పద్ధతిలో విడదీస్తున్నారు?