లడఖ్ నేలతీరు, వాతావరణం గురించి వివరించగలరు

ప్రశ్న: వచ్చే జులైలో గుంటూరు నుంచి మా కుటుంబం లడఖ్ వెళ్తున్నాము. హిమాలయాలంటే దేవదారు అడవులే మనసులో మెదులుతాయి గానీ, ఫొటోల నిండా బోడికొండలే కనిపిస్తున్నాయి. మంచుకొండల పక్కనే ఎడారి ఎలా ఏర్పడింది?

మొదటి సమాధానం: నైరుతి రుతుపవనాలు మోసుకొచ్చే తేమ చాలావరకు హిమాలయాల దక్షిణపు వాలుల మీదే కురిసిపోవడం వల్ల, వాటి వెనుకనున్న లడఖ్ వర్షచ్ఛాయా ప్రాంతంగా మిగిలిపోయింది. సుమారు 3,500 మీటర్ల ఎత్తునున్న అక్కడి ముఖ్య పట్టణం లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మన కోస్తాలో తుపాను వస్తే ఒక్క రాత్రిలో పడే వాన అది. మంచు కరిగిన నీటిని కాలువల్లో మళ్ళించుకున్న ఊళ్ళలోనే బార్లీ చేలు, ఆప్రికాట్ చెట్లు కనిపిస్తాయి. కాలువ దాటి నాలుగడుగులు వేస్తే కాలికింద గులకరాళ్ళే.

రెండవ సమాధానం: లామయూరు గ్రామం దగ్గర తప్పక ఆగండి. ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న మెత్తని ఒండ్రు, నీరు వెళ్ళిపోయాక కోతకు గురై, పసుపుపచ్చని మడతలుగా నిలిచింది. నా దృష్టిలో పాంగాంగ్ సరస్సు కన్నా ఇదే గొప్ప దృశ్యం. నుబ్రా లోయలోని హుండర్‌లో ఇసుకతిన్నెలూ, రెండు మూపురాల ఒంటెలూ ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. మా నాన్నగారికి అరవై దాటాయి. ఆ ఎత్తు ఇబ్బంది పెడుతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు: లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే కాబట్టి, ముందుగా డాక్టరును సంప్రదించండి. విమానంలో దిగితే కనీసం రెండు రోజులు ఊళ్ళోనే విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాతే కనుమల వైపు బయలుదేరండి.