మైనస్ 9 పవర్ ఉంటే సిజేరియన్ తప్పదా?

ప్రశ్న: పెరంబూరు కోడలు
నాకిప్పుడు ఏడో నెల. మాది నెల్లూరు, పెళ్లయ్యాక చెన్నైలో ఉంటున్నాము. కుడి కంటికి మైనస్ 9, ఎడమ కంటికి మైనస్ 8.5 పవర్ ఉంది. మొన్న చూపించుకున్న ఆసుపత్రిలో నా అద్దాలు చూడగానే, ముక్కితే రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఊడిపోతుందని, సిజేరియన్‌కు తేదీ చూసుకోమని చెప్పారు. కంటి పరీక్ష చేయించుకోమని మాత్రం అనలేదు. మా అత్తగారు అప్పుడే పంచాంగం తెరిచారు. పవర్‌కూ కాన్పుకూ నిజంగా సంబంధం ఉందా? ఈ మధ్య చూపు కొంచెం మసకగా ఉంటోంది, కొత్త అద్దాలు చేయించుకోవచ్చా?

జవాబు: ఆప్టోమెట్రిస్టు, చెన్నై
మైనస్ 6 దాటిన వారికి రెటీనా అంచులు పలచబడి, చిరిగే అవకాశం ఎక్కువన్నది నిజమే. అయితే కంటి లోపలి జిగురు పదార్థం ఆ పలచని చోట పట్టి లాగినప్పుడు చిరుగు పడుతుంది, ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరినప్పుడు రెటీనా ఊడుతుంది. ముక్కినప్పుడు కంటిలో పెరిగే ఒత్తిడి అలా ఒకచోట పట్టి లాగేది కాదు. ఇదివరకు రెటీనా ఆపరేషన్ అయిన స్త్రీలకు కూడా సాధారణ కాన్పు వల్ల అది మళ్లీ ఊడినట్లు అధ్యయనాలలో తేలలేదు. కాబట్టి పవర్ అంకెను చూసి నిర్ణయించకుండా, చుక్కలు వేసి రెటీనా అంచుల దాకా పరీక్ష చేయించుకోండి. ఎగ్మోరులో 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కూడా ఆ పేటలోనే ఉంది. గర్భిణి అని ముందే చెప్పండి, చుక్కలు వేశాక కంటి లోపలి మూలను కాసేపు నొక్కి పట్టుకుంటే మందు ఒంట్లోకి తక్కువగా చేరుతుంది.
గర్భంతో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, కొద్దిగా ఉబ్బి పవర్ మారడం మామూలే, అందుకే కొత్త అద్దాలకు కాన్పయ్యాక కొన్ని వారాలు ఆగడం మేలు. కాని మసకతో పాటు తలనొప్పి గానీ, మెరుపులు గానీ కనిపిస్తే ఆ రోజే బీపీ చూపించుకోండి. ఐదో నెల దాటాక అది గుర్రపువాతానికి (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే జబ్బుకు) సూచన కావచ్చు.

జవాబు: వేళచ్చేరి నుంచి
నాకు మైనస్ 11. ఐదో నెలలో ఒక చిరుగు కనబడితే లేజర్ వేశారు, నెలలు నిండాక మామూలుగానే కాన్పయింది. ప్రసూతి డాక్టరమ్మ నోటిమాటకు ఒప్పుకోలేదు, కంటి డాక్టరు చీటీ చూశాకే సరే అన్నారు. మీరూ కాగితం మీద రాయించుకోండి.

జవాబు: మాధవరం నుంచి
పై మాటలను షుగరు ఉన్నవారు తమకు వర్తింపజేసుకోకూడదు. మా చెల్లెలికి పెళ్లికి ముందు నుంచే షుగరు. అటువంటివారికి గర్భంలో రెటీనా త్వరగా దెబ్బతినవచ్చు కనుక మొదటి మూడు నెలలలోనే చూపించి, ఆపై డాక్టరు చెప్పినప్పుడల్లా, కాన్పు తరువాత కూడా పరీక్షించుకోవాలి. గ్లకోమాకు (కంటి నరం దెబ్బతినే జబ్బుకు) చుక్కలు వాడేవారు కూడా డాక్టరును అడగకుండా కొనసాగించకూడదు, మానకూడదు.

పెరంబూరు కోడలు
అందరికీ కృతజ్ఞతలు. బీపీ సరిగానే ఉంది. ఎడమ కంటి అంచున రెటీనా పలచబడిందట, చిరుగు మాత్రం లేదన్నారు. కంటి కోసం సిజేరియన్ అక్కరలేదని రాసిచ్చారు. బిడ్డ ఇంకా అడ్డంగా ఉంది, తిరుగుతుందేమోనని ఎదురుచూస్తున్నాము.