కంప్యూటర్ లేని ప్రాథమిక బడిలో కంప్యూటర్ పాఠం, ఆన్‌లైన్ భద్రత

ప్రశ్న: ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), ప్రకాశం జిల్లా
అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు బోధిస్తున్నాను. మా బడిలో కంప్యూటర్ లేదు, ఉన్నవి నాడు-నేడు కింద వచ్చిన స్మార్ట్ టీవీ, నా సెల్‌ఫోన్ మాత్రమే. అయితే పిల్లలకు ఫోన్ కొత్త కాదు; అమ్మ పొలం నుంచి రాగానే అది వాళ్ల చేతికే వెళ్తుంది. ఆటలో ఉచితంగా వజ్రాలు ఇస్తామన్న లింకును నొక్కానని, ఇంట్లో చెబితే కొడతారని ఐదో తరగతి పిల్లవాడొకడు ఈమధ్య నాతో అన్నాడు. ఈ వయసు వాళ్లకు ఏది ముందు చెప్పాలి, కంప్యూటర్ లేకుండా ఎంతవరకు చెప్పగలం?

జవాబు: ప్రాథమిక ఉపాధ్యాయురాలు, ఖమ్మం
మాస్టారూ, చాలావరకు చెప్పవచ్చు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వారి 'సీఎస్ అన్‌ప్లగ్డ్' కృత్యాలన్నీ కంప్యూటర్ ముట్టకుండా చేసేవే. 1, 2, 4, 8, 16 చుక్కలున్న అయిదు అట్టముక్కలు ఇస్తే, కొన్ని తెరిచి కొన్ని బోర్లించి 0 నుంచి 31 వరకు ఏ సంఖ్యనైనా పిల్లలు చూపించగలరు. కంప్యూటర్ సంఖ్యలను దాచుకునేదీ ఇలా రెండే గుర్తులతో.

నాకు ఇంకా ఇష్టమైనది వరండాలో సుద్దముక్కతో గడులు గీసి ఆడించేది. ఒకరు యంత్రం, మిగతావారు 'రెండు గడులు ముందుకు', 'కుడికి తిరుగు' అని చీటీలు రాసి వరుసగా ఇస్తారు. యంత్రంగా నిలబడిన పిల్ల సొంత తెలివి వాడకూడదన్నదే ఇందులో అసలు కష్టం, ఎందుకంటే చీటీ తప్పని తెలియగానే వాళ్లు తమంతట తామే సర్దుకుని నడుస్తారు. చీటీలో ఉన్నట్టే నడిచి స్తంభం దగ్గర ఆగిపోతే, ఏ చీటీలో తప్పుందో, 'కుడి' అంటే ఎవరి కుడి అనుకున్నారో వెనక్కి వెళ్లి వెతుకుతారు. ప్రోగ్రాంలో తప్పు పట్టుకోవడమంటే అదే.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం
భద్రత విషయంలో 'చేయవద్దు' అన్న పట్టికను గోడకు అతికించి ఊరుకోవద్దని నా మనవి. ఆ పట్టికలు ఎక్కువగా తనిఖీకి వచ్చినవారే చదువుతారు. మీ విద్యార్థి చెప్పిన మాటలో మొదటి పాఠం ఉంది. ఏది నొక్కినా, ఏది చూసినా వచ్చి చెప్పవచ్చని, చెప్పినందుకు దెబ్బలు పడవని పిల్లలకు నమ్మకం కలగాలి. మోసగాడు ఆధారపడేది ఆ భయం మీదే. 1098 బాలల సహాయ నంబరని పిల్లలకు నేర్పండి. డబ్బు పోతే ఫిర్యాదు చేయాల్సిన 1930 మాత్రం తల్లిదండ్రులకు చెప్పండి.

మరొక మాట. పిల్లల ఫొటో, పేరు, తరగతి కలిపి మన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటూ, వివరాలు ఎవరికీ ఇవ్వకూడదని వాళ్లకు బోధిస్తే ఏం బాగుంటుంది?

జవాబు: తెలుగు తల్లి, ఇంగ్లండ్
విశ్రాంత మాస్టారు చెప్పిన విషయం ఇక్కడి పాఠ్యప్రణాళికలోనే ఉందండి. ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబరు నుంచి అయిదేళ్ల వయసు నుంచే కంప్యూటింగ్ బోధిస్తున్నారు. అంతర్జాలంలో ఏదైనా కలవరపెడితే సహాయం కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసి ఉండాలన్నది మొదటి దశలోనే రాసిపెట్టారు.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. ఒక చిక్కు మిగిలింది. చదువురాని తల్లులు చాలామంది కిరాణా కొట్టులో డబ్బు చెల్లించడానికి పిల్లలతోనే యూపీఐ పిన్ కొట్టిస్తున్నారు. పిన్ ఎవరికీ చెప్పవద్దని నేను ఏ ముఖంతో చెప్పను?

జవాబు: ప్రాథమిక ఉపాధ్యాయురాలు, ఖమ్మం
మా ఊళ్లోనూ అంతే మాస్టారూ. ఆ ఇళ్లలో పాటించలేని నియమం చెప్పడం కంటే, మనకు డబ్బు రావాలంటే పిన్ కొట్టే పనే ఉండదన్న ఒక్క సంగతి పిల్లలకు బాగా ఎక్కించండి. 'డబ్బు పంపిస్తాం, పిన్ కొట్టండి' అన్న ఫోన్ వచ్చినప్పుడు అమ్మను ఆపగలిగేది ఆ పిల్లే. తరగతిలో మీరే ఆ మోసగాడిగా నటించి అడిగి చూడండి. మీ మీద గౌరవంతో పిన్ చెప్పేసేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది. అయితే అసలు పిన్ వద్దు, బోర్డు మీద ఒక ఉత్తుత్తి నంబరు రాసి దానితోనే ఆడించండి.