లండన్‌లో ఒక్క రోజు: చర్చిల్ వార్ రూమ్సా, అక్స్‌బ్రిడ్జ్ బంకరా?

పటాలపిచ్చి: రెండో ప్రపంచ యుద్ధమంటే చెవి కోసుకునే పద్నాలుగేళ్ళ పిల్లాడు. లండన్‌లో దొరికేది ఒక్క రోజు. ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్ దగ్గర, ప్రధాని చర్చిల్ ప్రభుత్వం నేల కింద నుంచి యుద్ధం నడిపిన చర్చిల్ వార్ రూమ్స్ చూపించాలా, ఊరి పడమటి కొసన అక్స్‌బ్రిడ్జ్‌లో, 1940 జర్మన్ వైమానిక దాడులప్పుడు బ్రిటిష్ ఫైటర్ విమానాలకు ఆదేశాలిచ్చిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ బంకర్ చూపించాలా? రెండూ చుట్టేయమనే సలహా మాత్రం వద్దు.

క్లైవ్‌మెట్లు: ఇందులో చర్చేముందండీ, వార్ రూమ్సే. అక్కడ మ్యాప్ రూమ్ 1939 ఆగస్టు 27న మొదలై రాత్రీ పగలూ నడిచింది. 1945 ఆగస్టు 16న దీపాలార్పి వెళ్ళిపోయారు. కాన్వాయ్‌ల (గుంపుగా సాగే ఓడల) జాడ తెలిపేందుకు గుచ్చిన గుండుసూదుల చిల్లులతో గోడమీది అట్లాంటిక్ పటం ఇప్పటికీ జల్లెడలా ఉంటుంది. ఒక అధికారి దాచుకున్న రేషన్ పంచదార బిళ్ళలు కూడా దొరికాయి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో ఫోన్ మాట్లాడే గదిని చర్చిల్ సొంత మరుగుదొడ్డి అని నమ్మించారు. శత్రువు వినకుండా ఆ ఫోన్ మాటల్ని సంకేతాలుగా మార్చే యంత్రం బరువు 50 టన్నుల పైమాటే. అది ఆ గదిలో ఎక్కడ పడుతుంది? ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణం నేలమాళిగలో పెట్టారు.

గంటముల్లు: అద్దం వెనక వస్తువులు చూస్తే ముచ్చటే, కాదనను. కానీ యుద్ధం ఎలా నడిపారో తెలియాలంటే అక్స్‌బ్రిడ్జే. గోడ గడియారంలో ప్రతి 5 నిమిషాలకూ ఒక రంగు త్రికోణం: ఎరుపు, పసుపు, నీలం. శత్రు విమానాల కబురు వచ్చినప్పుడు నిమిషాల ముల్లు ఏ రంగుమీద ఉంటే బల్లమీది పటంలో ఆ రంగు బాణమే పెట్టాలి. గంటకు 180 మైళ్ళ వేగంతో వచ్చే బాంబర్ 5 నిమిషాల్లో 15 మైళ్ళు దాటేస్తుంది. అందుకే ఏ బాణం తాజాదో, ఏది పాచిదో చూడగానే తెలియాలి. పావుగంటకు అదే రంగు మళ్ళీ వస్తుంది కాబట్టి పాతవి ఈలోగా తీసేయకపోతే బల్లంతా గందరగోళం.

ఎదురు గోడమీది బోర్డులో ఒక్కో స్క్వాడ్రన్‌కు (ఫైటర్ విమానాల దళానికి) దీపాల వరుసలు. 2 నిమిషాల్లో లేవగలదా, గాల్లో ఉందా, శత్రువును చూసిందా, పోరులో ఉందా అన్నీ అవే చెబుతాయి. 1940 సెప్టెంబర్ 15న చర్చిల్ ఈ గదిలోనే కూర్చుని, ఇంకా ఏం రిజర్వులున్నాయని అక్కడి ఫైటర్ దళాల అధిపతి కీత్ పార్క్‌ను అడిగాడు. ఏమీ లేవన్నాడు పార్క్. బల్లను ఆ రోజు ఉన్నట్టే అమర్చారు.

క్లైవ్‌మెట్లు: "అమర్చారు" అన్నారు చూడండి, నేననేదీ అదే. తర్వాత పేర్చిన సెట్టింగుకీ, వదిలేసి వెళ్ళిన గదికీ తేడా లేదా?

గంటముల్లు: వార్ రూమ్స్‌లో మాత్రం అన్నీ వదిలేసినవేనా? మ్యాప్ రూమ్, క్యాబినెట్ రూమ్ వంటి కొన్నే అలా మిగిలాయి. మిగతా గదుల్లో చాలావరకు తర్వాత సర్ది పెట్టినవి. పైగా అది నిజానికి ప్రభుత్వ భవనం అడుగు అంతస్తు. దాని పైన కాంక్రీట్ పలక మందం పెంచిందే 1940 చివర్లో. అక్స్‌బ్రిడ్జ్ బంకర్ 60 అడుగుల లోతున ఉంది.

తూర్పుతీరం: మన వైపు నుంచి ఒక మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1943లో బెంగాల్ కరువుకు ధాన్యం ఓడలు అడిగితే లండన్‌లోని చర్చిల్ యుద్ధ మంత్రివర్గం (వార్ క్యాబినెట్) అడిగినన్ని ఇవ్వలేదు. వార్ రూమ్స్‌కి తీసుకెళ్తే ఇవి రెండూ ముందే చెప్పి తీసుకెళ్ళండి. లేదంటే మధ్యలో వచ్చే చర్చిల్ మ్యూజియం దాటేసరికి పిల్లాడు భక్తుడైపోతాడు! గంటసేపు అక్కడే గడిచిపోతే మ్యాప్ రూమ్ దగ్గర పరుగే. ఇరుకు నడవల్లో అందరూ ఆడియో గైడ్ చెవిన పెట్టుకుని ఒకే అద్దం ముందు నిలబడతారు కూడా. పొద్దున్నే మొదటి స్లాట్ టికెట్ తీసుకోవడం మేలు.

పటాలపిచ్చి: గడియారం సంగతి విన్నాక అక్స్‌బ్రిడ్జ్ వైపే మొగ్గుతున్నాను. వాళ్ళ తాతగారు కూడా వస్తారు, మోకాళ్ళ నొప్పులు. ఇబ్బందేనా?

గంటముల్లు: ఇబ్బందే. 76 మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి, లిఫ్ట్ లేదు. ఆయన్ని పైన విజిటర్ సెంటర్‌లో కూర్చోబెట్టండి, అక్కడా ప్రదర్శన ఉంది. కిందికి గైడ్‌తోనే పంపుతారు కాబట్టి టూర్ వేళ ముందే చూసుకోండి.

క్లైవ్‌మెట్లు: నా ఓటు మారలేదు. అక్స్‌బ్రిడ్జ్ వెళ్ళేదైతే మాత్రం మెట్రో రైళ్ళలో పికడిలీ లైన్ నమ్ముకోకండి, చాలా రైళ్ళు దారిలో రేనర్స్ లేన్ స్టేషన్‌లోనే ఆగిపోతాయి. బేకర్ స్ట్రీట్‌లో మెట్రోపాలిటన్ లైన్ రైలు ఎక్కండి.