అసలు పేరు ఇవ్వనివాళ్ళని కామెంట్ రాయనివ్వాలా వద్దా?

గోదారిగట్టు
నేను రెగ్యులర్‌గా చదివే ఒక కథల సైట్‌లో కొత్త రూల్ పెట్టారు. ఆధార్‌లో ఉన్న పేరే పెట్టాలి, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అప్పుడే కామెంట్ పడుతుంది. ఎందుకంటే ఈమధ్య ఒక కొత్త రచయిత్రి కథ కింద పేరు లేనివాళ్ళు చేరి, కథ సంగతి వదిలేసి ఆవిడ కాపురం గురించి, ఒంటి గురించి రాసి రాసి చివరికి ఆవిడే కథ తీయించేసుకుంది. నాకైతే రూల్ మంచిదే అనిపిస్తోంది, మా తమ్ముడు మాత్రం ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

రామ్మూర్తి_కాకినాడ
నూటికి నూరుపాళ్ళు మంచి రూల్, ఎప్పుడో రావాల్సింది. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, హారం, మాలిక సైట్లు చూసి బ్లాగులు చదివే రోజుల నుంచీ ఉన్నవాణ్ణి నేను. బాగా రాసేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఎలా మానుకున్నారో కళ్ళారా చూశాను. పేరు ఇవ్వకపోతే బ్లాగర్‌లో "అజ్ఞాత" అని పడేది, దాని వెనకాల దాక్కుని ఆడవాళ్ళని ఎన్ని మాటలన్నారో. ఒకే మనిషి నాలుగు పేర్లతో వచ్చి తన కామెంట్‌కి తనే శభాష్ అనుకునేవాడు. పేపర్‌కి ఉత్తరం రాస్తే కింద పేరు, ఊరు రాసేవాళ్ళం, లేకపోతే వేసేవాళ్ళు కాదు. చెప్పే మాట మీద నమ్మకం ఉన్నవాడికి పేరు చెప్పుకోడానికి అడ్డేమిటి?

పల్నాడు_బుల్లోడు
కరెక్ట్ సార్ +1

సాలెగూడు
రామ్మూర్తి గారూ, పేపర్‌లో మీ పేరు పడితే ఆ రాత్రికి ముక్కూమొహం తెలీని మగాళ్ళు మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవాళ్ళా? నేను ఒకప్పుడు అసలు పేరుతో, ఫోటోతోనే రాసేదాన్ని. ఒక పెద్ద హీరో సినిమా బాలేదని రాశాను, అంతే. నన్ను తిట్టినవాళ్ళలో చాలామంది సొంత పేర్లతోనే తిట్టారు, డీపీలో పిల్లల్ని ఎత్తుకుని దిగిన ఫోటోలు కూడా ఉన్నాయి. పేరుంటే సిగ్గుపడతారన్నది మీ నమ్మకం, నేను చూసింది వేరు. నా పేరు పట్టుకుని నా ఆఫీస్ కనుక్కుని హెచ్‌ఆర్‌కి మెయిళ్ళు పెట్టారు. పేరు పెట్టి నష్టపోయింది నేను, వాళ్ళకేం కాలేదు.

ఇంకోటి, మీరనే రూల్ ఒక దేశం మొత్తం అమలు చేసి చూసింది. దక్షిణ కొరియాలో 2007 నుంచి పెద్ద సైట్లలో కామెంట్ పెట్టాలంటే అసలు గుర్తింపు చూపించాల్సి వచ్చేది. 2009లో యూట్యూబ్ ఆ రూల్ పాటించలేమని కొరియా పేజీలో అప్‌లోడ్లు, కామెంట్లు ఆపేసింది. 2011లో అక్కడి ఒక పెద్ద పోర్టల్ హ్యాక్ అయి మూడున్నర కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. 2012 ఆగస్టులో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానమే ఆ చట్టం చెల్లదని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఫోన్ నంబర్లు, అసలు పేర్లు దాచిపెట్టుకోడానికి మన కథల సైట్ దగ్గర ఏ భద్రత ఉందండీ?

చట్టం_తెలిసినవాడు
అసలు ఆధార్ అడగడమే తప్పు. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో ప్రైవేట్ కంపెనీలు అడగడానికి వీలిచ్చిన సెక్షన్ 57 భాగాన్ని కొట్టేసింది.

గోదారిగట్టు
కార్డు అడగట్లేదండీ, అందులో ఉన్న పేరు రాయమంటున్నారు అంతే. ఓటీపీ ఫోన్‌ది.

చట్టం_తెలిసినవాడు
కార్డు చూడకుండా అదే పేరని ఎలా తెలుస్తుంది? అంటే చూస్తారన్నమాట. ఇది కోర్టు తీర్పు ఉల్లంఘన.

రామ్మూర్తి_కాకినాడ
మీకు జరిగింది విని బాధ కలిగింది అమ్మాయ్. కానీ వాళ్ళు సొంత పేర్లతో తిట్టారు కాబట్టే కదా ఎవరో మీకు తెలిసింది. స్టేషన్‌కి వెళ్ళడానికి దారి ఉంది. పేరు లేనివాడి మీద ఎవరి పేరున కంప్లైంట్ ఇస్తారు?

సాలెగూడు
అమ్మాయ్ అని పిలవకండి, నా వయసు మీకు తెలీదు. స్టేషన్‌కి వెళ్ళాను. స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసుకుని మరీ వెళ్ళాను. "సినిమాల గురించి మీకెందుకు మేడమ్, అకౌంట్ తీసేయండి" అన్నారు. పేర్లు, ఫోటోలు, ఒకతని షాపు అడ్రస్ కూడా ఉన్నాయి అందులో.

రామ్మూర్తి_కాకినాడ
మర్యాదకి అన్న మాటని కూడా తప్పు పడితే ఇంక చర్చ ఏముంటుంది?

పల్నాడు_బుల్లోడు
పెద్దాయన ప్రేమగా అన్నారు మేడమ్, వదిలేయండి

పాతకాపు
నేను ఒక తెలుగు గ్రూప్‌కి కొన్నేళ్ళు మోడరేటర్‌గా చేశాను, జీతం భత్యం లేని పని. పేరు అడిగితే పని తగ్గుతుందనుకునేవాళ్ళకి ఒకటి చెప్పాలి. బూతు రాసేవాణ్ణి తీయడం చాలా తేలిక, ఒక్క నొక్కుతో పోతాడు. అసలు కష్టం మర్యాదగా మాట్లాడే ట్రోల్‌తో. "మీరు", "గారు" తప్ప నోట ఇంకో మాట రాదు, అడిగిందే అడుగుతాడు, జవాబిస్తే చదవడు, మళ్ళీ "ఆధారం చూపగలరా" అంటాడు, చూపిస్తే ఇంకోటి అడుగుతాడు. అవతలి మనిషి విసిగిపోయి ఒక్క మాట తూలగానే ఆ మాటని స్క్రీన్‌షాట్ తీసి నాకు కంప్లైంట్ పెడతాడు. రూల్ ప్రకారం చూస్తే తప్పు విసిగిపోయినావిడది. మంచి మనుషులు పోయేది అలాగే, వీడు మాత్రం అసలు పేరుతోనే దర్జాగా ఉంటాడు.

మాకు కాస్త పనిచేసినవి ఇవి. కొత్తగా చేరినవాళ్ళ మొదటి కామెంట్లు చూసి వదిలేవాళ్ళం, గొడవ ముదిరితే ఆ చర్చకి తెల్లారేదాకా తాళం వేసేవాళ్ళం. ప్రతి కామెంటూ ముందే చూసి వేద్దామని మొదట్లో అనుకున్నాం గానీ, సాయంత్రం రాసినది పొద్దున పడితే ఎవరికీ మాట్లాడాలనిపించదు, గ్రూప్ చప్పబడిపోయింది.

విజయవాడ_వేణు
తప్పుడు కామెంట్ తీయకపోతే కేసు సైట్ మీదకే వస్తుంది కదా, వాళ్ళ భయం వాళ్ళది

పాతకాపు
అంత సూటిగా కాదు వేణు గారూ. ఐటీ చట్టం సెక్షన్ 79 సైట్లకి రక్షణ ఇస్తుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలు అనే సెక్షన్ 66ఏని సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ తీర్పులోనే కోర్టు ఆర్డరో ప్రభుత్వ నోటీసో వస్తేనే సైట్‌కి "తెలిసినట్టు" లెక్క అని కూడా చెప్పింది. అంతకుముందు 2012లో పాల్ఘర్‌లో ముంబై బంద్ గురించి పోస్ట్ పెట్టిన అమ్మాయినీ, లైక్ కొట్టిన అమ్మాయినీ కూడా అరెస్ట్ చేశారు, గుర్తుందా? ఇద్దరూ సొంత పేర్లతో ఉన్నవాళ్ళే.

ఓరుగల్లు_పోరడు
ఇంత మాట్లాడుతున్నరు గానీ అసలు ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. తెలుగోళ్ళ దగ్గర పూర్తి పేరు అడుగుడంటే కులం అడుగుడే. ఇంటిపేరు చూడంగనే సగం మందికి ఎరుకైతది, పేరు చివర తోక ఉంటే మిగిలిన సగానికి. నేను రిజర్వేషన్ గురించి మారుపేరుతో రాసిన మాటకి "బాగా చెప్పావ్ తమ్ముడూ" అన్నోళ్ళే, అసలు పేరుతో అదే మాట రాస్తే "నీకు లాభం గనక అంటవ్" అన్నరు. మాట ఒక్కటే, మారింది పేరే. రామ్మూర్తి సార్‌కి పేరు చెప్పుకుంటే గౌరవం వస్తది కావచ్చు, మాకు పేరు చెప్పంగనే మా మాట విలువ పడిపోతది. ఇది తెలిసి కూడా పేరు పెట్టమంటే, పేరు ఎందుకు కావాల్నో మాకు తెల్వదా?

రామ్మూర్తి_కాకినాడ
అంటే నేను కులం చూడ్డానికి పేరు అడుగుతున్నానా? ఉద్యోగమంతా లెక్కల పాఠం చెప్పుకుంటూ గడిపాను, ఏ పిల్లవాడి ఇంటిపేరూ చూసి మార్కులు వేయలేదు. నోటికొచ్చినట్టు ముద్ర వేస్తే సరిపోతుందా? పేరు దాచుకుని ఇలా రాళ్ళు వేస్తారనే నేను మొదటినుంచీ చెప్తున్నది.

ఓరుగల్లు_పోరడు
మీరు చూసిన్రని అనలే సార్. చూసేటోళ్ళు ఉన్నరని అంటున్న. మీరు చూడకపోతే నా పేరుతోని మీకేం పని?

చట్టం_తెలిసినవాడు
సెక్షన్ 57 సంగతి ఎవరూ జవాబు చెప్పలేదు.

సాలెగూడు
రామ్మూర్తి గారూ, సూటిగా అడుగుతున్నా. పేరు లేనివాళ్ళు మిమ్మల్ని ఏం చేశారు? ఇంత కోపం ఊరికే రాదు.

రామ్మూర్తి_కాకినాడ
అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఒక సైట్‌లో గోదావరి కాలువల మీద వ్యాసం వచ్చింది. అందులో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరం తప్పు రాశారు. కాటన్ దొర పని 1847లో మొదలైంది, 1852కి పూర్తయింది, ఆ కాలువల కింద ఊళ్ళు ఎలా మారాయో మా తాత చెప్పినవన్నీ కలిపి ఒక రాత్రి కూర్చుని పొడుగ్గా రాశాను. పొద్దున చూస్తే నా కామెంట్ లేదు. దాని కింద "ముసలాయనకి పనిలేదు" అని ఎవడో రాసింది మాత్రం అలాగే ఉంది. ఎందుకు తీశారని మూడు మెయిళ్ళు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. తర్వాత తెలిసింది వ్యాసం రాసినాయన అడ్మిన్‌కి స్నేహితుడని. ఆ అడ్మిన్ పేరేమిటో, ఎవరో ఈరోజుకీ నాకు తెలీదు. నా పేరు మాత్రం వాళ్ళకి తెలుసు.

సాలెగూడు
అయితే మీ గొడవ కామెంట్ రాసేవాళ్ళతో కాదండీ, తీసేవాళ్ళతో. ఇది మొదటే చెప్పి ఉంటే నేను మీతో ఇంత వాదించేదాన్నే కాదు. మీ కామెంట్ తీసినాయన కారణం చెప్పాలి, ఆ విషయంలో మీతో పూర్తిగా ఉన్నా. 2021 ఐటీ రూల్స్‌లో కూడా, మన దేశంలో 50 లక్షలకి పైగా యూజర్లున్న సోషల్ మీడియా సంస్థలు కొన్ని రకాల పోస్టులు తమంతట తాము తీసేస్తే రాసినవాళ్ళకి కారణం చెప్పాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని ఉంది. చిన్న సైట్లకి అది వర్తించదు, వాళ్ళంతట వాళ్ళే చేయాలి. అదే రూల్స్‌లో వెరిఫికేషన్ మాత్రం ఇష్టమైనవాళ్ళకే అని ఉంది, అది కూడా చూడండి.

పాతకాపు
తెలుగు వికీపీడియాలో చూడండి. చాలామంది మారుపేర్లతోనే రాస్తారు, ఎవరూ ఆధార్ అడగరు. కానీ ప్రతి మార్పూ "చరిత్ర"లో ఉంటుంది, నిర్వాహకులు పేజీ తొలగిస్తే ఎవరు తీశారో, ఎందుకు తీశారో తొలగింపుల చిట్టాలో కనిపిస్తుంది. గొడవలు అక్కడా అవుతాయి గానీ, రాత్రికి రాత్రి మాయమైంది అనే మాట రాదు.

రామ్మూర్తి_కాకినాడ
అలాంటి చిట్టా ఉంటే నాకు సగం బాధ తీరుతుంది. అయినా ఆడవాళ్ళని తిట్టేవాడికి పేరు లేకుండా తిరిగే స్వేచ్ఛ ఎందుకివ్వాలో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ పిల్ల కథ పోయింది కదా.

ఓరుగల్లు_పోరడు
తిట్టినోణ్ణి తీసెయ్యున్రి, నేను కూడా అదే అంటున్న. వాని కోసం మా అందరి ఇంటిపేర్లు ఎందుకు?

గోదారిగట్టు
సైట్ వాళ్ళకి మెయిల్ రాస్తున్నా. తీసిన ప్రతి కామెంట్‌కీ కారణం అందరికీ కనబడేలా పెట్టమని, అడ్మిన్లు ఎవరో చెప్పమని. పేరు రూల్ మీద మాత్రం ఇక్కడ ఒకే మాట లేదని కూడా రాస్తా.

రామ్మూర్తి_కాకినాడ
కామెంట్లు చూడ్డానికి మనుషులు కావాలంటే నేను కూర్చుంటాను, రిటైరయ్యాను, టైముంది.

ఓరుగల్లు_పోరడు
ఒక్కరే వద్దు సార్, మీరని కాదు. తీసే ముందు ఇంకో మనిషి కూడా చూడాలె, ఆ మనిషి మీ దోస్తు కావద్దు.

పాతకాపు
పగలు చూడ్డానికి మనుషులు దొరుకుతారు. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా ఎవరుంటారో చెప్పండి, గొడవలన్నీ అప్పుడే మొదలయ్యేవి.