దీపాల కింద గోంగూర: చవకా, దండగా?

మిన్నెసోటా మెంతికూర:
మిన్నియాపొలిస్‌లో డిసెంబరు మూడో వారానికి పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. అందుకే బేస్‌మెంట్‌లో 100 వాట్ల ఎల్‌ఈడీ దీపం కట్టి, రోజుకు 14 గంటలు వెలిగిస్తూ, తొట్లలో గోంగూర, మెంతికూర పెంచుతున్నాను. కొనడం కంటే ఇదే చవక అని నా అభిప్రాయం. కాదనేవారు లెక్కతో రావాలి.

లెక్కల మాస్టారు:
లెక్కతోనే వచ్చాను. రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. యూనిట్ 15 సెంట్లు అనుకున్నా ఆరు డాలర్ల ముప్పై సెంట్లు. దీపం, తొట్లు, మట్టి దీనికి అదనం. నెలకు ఎన్ని కట్టలు కోశారో మాత్రం మీరు రాయలేదు.

మిన్నెసోటా మెంతికూర:
ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి ఇంట్లోనే ఉంటుంది కనుక హీటరు ఖర్చు కొంత తగ్గుతుంది. అది మీ లెక్కలో లేదు.

లెక్కల మాస్టారు:
మా ఇంట్లో గ్యాస్ హీటరు. అంతే వేడి మాకు కరెంటు కంటే చవకగా వస్తుంది. నేను అడిగింది కట్టల సంఖ్య. పోయిన ఏడు నేనూ టమాటా వేశాను. గాలీ తేనెటీగలూ లేని గదిలో పూలను వేలితో తట్టి పుప్పొడి రాల్చాలని ఎవరూ చెప్పకపోవడంతో, పిందె పట్టకుండానే పూతంతా రాలిపోయింది. మిగిలిన ఆకును ఎర్రనల్లి తినేసింది.

పెరటి చుట్టం:
గోంగూరకు 14 గంటల వెలుగు అవసరమే. పగలు కురచైతే అది పూతకు తిరిగే మొక్క. కిటికీ వెలుగుకే వదిలేస్తే చిన్నగా ఉండగానే మొగ్గ తొడుగుతుంది.

లెక్కల మాస్టారు:
పూత సంగతి సరే, కట్టలు ఎన్ని?

మిన్నెసోటా మెంతికూర:
గోంగూర రెండు, మెంతికూర మూడు. చాలా? గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చి మూడు నెలలైంది, గడప దాటితే మోకాలి లోతు మంచు. ఉదయం లేవగానే కిందికి దిగి, ఒక్కొక్క ఆకూ తిరగేసి చూసి, పండుటాకులు గిల్లి పైకి వచ్చేసరికి ఆవిడకు తొమ్మిదవుతుంది. ఆ పని లేనప్పుడు కిటికీ దగ్గర కూర్చుని తిరుగు ప్రయాణానికి రోజులు లెక్కపెట్టేవారు. దానికీ సెంట్లలో ఖరీదు కట్టండి.

లెక్కల మాస్టారు:
ఆ మాట మొదటే రాసి ఉంటే నేను లెక్క తీసేవాణ్ణే కాదు. మీరు ‘చవక’ అన్నారు. ఇలాగే ఎవరో చవకని రాస్తే నమ్మి నాలుగు వందల డాలర్లు పోసి దీపాలు కొన్నాను. మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు. కాలక్షేపమైతే కాలక్షేపమనే రాయండి.

మిన్నెసోటా మెంతికూర:
కాలక్షేపం కాదండీ, కూర. నిన్ననే పప్పులో వేశాం.

కొత్త సభ్యుడు:
ఇంతకీ అది తెల్ల గోంగూరా, ఎర్ర గోంగూరా?